తొమ్మిదో బోర్డు

ఇనప గేట్లు చేసే ఆయన ఆ కంప్యూటర్ల రిపేరు షాపులోకి వస్తూనే షట్టరు కిందికి లాగాడు. పట్టపగలు, ఇంకా పదకొండు కూడా కాలేదు. వెనకాల ఇద్దరు వెల్డర్లు, కండలు తిరిగిన మనుషులు. ఆయన భుజాన గోతాం సంచి, చేతిలో సుత్తి. ఆ సుత్తి కొట్లాట కోసం కొన్నది కాదు. పాతికేళ్ళుగా ఇనప చువ్వలు వంచీ వంచీ, పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగిపోయింది.

"ఎవడ్రా ఇక్కడ బంగారపు చెయ్యి?" అన్నాడు.

ముందు గదిలో కుర్చీలో కూర్చున్న మరిది నవ్వబోయాడు. వచ్చినవాళ్ళని చూసి నవ్వడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ నవ్వు సగంలో ఉండగానే మొదటి గుద్దు మూతి మీద పడింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

తెర వెనక లోపలి గదిలో వదిన చేతిలో సీసం కరిగించి అతికే సోల్డరింగ్ కడ్డీ గాల్లోనే ఆగిపోయింది.

ఈ వదినా మరుదుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. షాపు ఆవిడ మొగుడిది. ఆయన ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చోబెట్టుకుని పనంతా నేర్పాడు. నాలుగేళ్ళ కిందట జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత మొట్టమొదట వచ్చిన మనిషి, పని చేసేది ఆడమనిషని తెలియగానే, "మళ్ళీ వస్తాలెండి" అని కంప్యూటరు పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. రెండోవాడు అడిగేసరికి మరిది ఛాతీ విరుచుకుని "పనంతా నేనే చేస్తానండీ" అనేశాడు. అంతే, ఆ మాట అలాగే ఉండిపోయింది. ముందు గదిలో కబుర్లు మరిదివి, వెనక గదిలో పని వదినది. ఊరంతా మరిదిని బంగారపు చెయ్యి అంటుంది. ఆ బంగారపు చెయ్యి కడ్డీ పట్టిందంటే బోర్డు మీద కాకి రెట్ట వేసినట్టుంటుంది, ఆ ముక్క వాళ్ళిద్దరికే తెలుసు.

వదిన చేసే పని కూడా అందరూ చేసేది కాదు. కంప్యూటరులో మదర్‌బోర్డు అని ఉంటుంది కదా, దాని మీద బొమ్మల కోసం గ్రాఫిక్స్ కార్డు గుచ్చుతారు. అది గోడలా నిటారుగా నిలబడుతుంది, అందుకే పెట్టె అంత ఎత్తు ఉండాలి. అరుదుగా కొన్ని బోర్డులుంటాయి, వాటికి కార్డు గుచ్చే స్లాటు అంచున పక్కకి తిరిగి ఉంటుంది. అప్పుడు కార్డు నిలబడకుండా బోర్డు పక్కనే చాప వేసుకున్నట్టు పడుకుంటుంది. పెట్టె మొత్తం లావుపాటి పుస్తకమంతే. అలాంటి బోర్డు కొందామంటే దొరకదు. వదిన మామూలు చిన్న బోర్డు తీసుకుని, నిలువు స్లాటు పీకేసి, పక్కకి తిరిగినదాన్ని అతికిస్తుంది. నూట అరవై నాలుగు కాళ్ళు, ఒక్కోటీ చీమ కాలంత.

అందులో ఒక తిరకాసుంది. పక్కకి తిరిగిన స్లాట్లు రెండు రకాలు. ఒకదాంట్లో కార్డు వెల్లకిలా పడుకుంటుంది, రెండోదాంట్లో బోర్లా. చూడ్డానికి రెండూ కవల పిల్లలే. ఒకటి పెట్టాల్సిన చోట రెండోది పెడితే పై వరస కాళ్ళు కిందికీ, కింద వరసవి పైకీ వచ్చేస్తాయి, కరెంటు పోకూడని దారిన పోతుంది. అందుకే ప్రతి బోర్డునీ వదిన మీటరు పెట్టి ఒక్కో కాలే చూసి గానీ బయటికి ఇవ్వదు.

ఇచ్చింది, ఒక్కసారి. పిల్లలు ఆటలాడుకునే కంప్యూటర్ల గది ఒకటి గేట్లాయన తమ్ముడు పెట్టాడు. బల్లల కింద సొరుగులో ఇమిడిపోయే పెట్టెలు తొమ్మిది కావాలన్నాడు. ఎనిమిది చూసింది. ఎనిమిదీ ముత్యాల్లా ఉన్నాయి. తొమ్మిదోది చూడకుండానే పెట్టెలో బిగించేసింది.

ముందు గదిలో ఇప్పుడు గేట్లాయన గోతాం బోర్లించాడు. మాడి నల్లబడ్డ బోర్డు బల్ల మీద పడింది.

"మా తమ్ముడు మూత తీసి వంగి చూస్తున్నాడ్రా. స్విచ్చి వేసీ వెయ్యగానే లోపల ఏదో పేలింది. కుడి కన్ను పోయింది. ముప్ఫై ఏళ్ళవాడికి కన్ను పోయింది! డాక్టరు కనుగుడ్డు తీసేశాడు, తెలుసా?"

తెర సందులోంచి వదిన ఆ బోర్డుని చూసింది. స్లాటు చివర ఉండే చిన్న గీత కుడివైపు ఉండాలి. ఎడమవైపు ఉంది. స్లాట్ల సంచిలో రెండో రకం ఒకటి కలిసిపోయింది, తన వేళ్ళు దాన్నే తీసుకున్నాయి.

మరిది పిరికివాడు కాదు. లేస్తూ లేస్తూ కుర్చీ ఎత్తి ఒక వెల్డరు మోకాలి మీద వేశాడు. వాడు అమ్మో అని కూలబడ్డాడు. రెండోవాడు మరిది జుట్టు పట్టుకుని మొహాన్ని గోడకేసి రెండుసార్లు కొట్టాడు. సున్నం మీద నెత్తురు మరక పడింది, ముక్కు పక్కకి జరిగింది. ఇద్దరూ కలిసి డొక్కల్లో తన్నారు. తర్వాత ఈడ్చుకొచ్చి బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు.

"ఏ చేత్తో చేశావురా?"

మరిది నోట్లోంచి పన్ను ఉమ్మాడు. "ఎడమ చేత్తో. నాది ఎడమ వాటం."

"నిజం చెప్పు, లేకపోతే రెండూ పోతాయి."

"చెప్తున్నాగా పెద్దాయనా, ఎడమదే. అన్నం మాత్రం కుడిచేత్తో తింటా, మా అమ్మ కోసం."

ఒక వెల్డరు మరిది ఎడమ చేతిని బల్ల మీద పరిచి మణికట్టు మీద మోకాలు పెట్టాడు. గేట్లాయన తొందరపడలేదు. ఎర్రగా కాలిన చువ్వని చూసుకున్నట్టు చూసుకుని, సుత్తి ఎత్తి దించాడు. చిటికెన వేలూ దాని పక్క వేలూ పటపటమన్నాయి. మరిది అరిచిన అరుపుకి షట్టరు కూడా గణగణమంది.

అప్పుడు వదిన తెర చించుకుని వచ్చింది.

"ఆగు! ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి." కుడి చెయ్యి ముందుకి చాపింది. "ఆ బోర్డు చేసింది నేను."

గేట్లాయన ఆవిడని ఎగాదిగా చూశాడు. "అమ్మా, నువ్వు లోపలికి పో. ఆడమనిషి అడ్డమొస్తే వదిలేస్తాననుకున్నావా?"

"అడ్డం రాలేదన్నా. ఒప్పుకుంటున్నా."

"నమ్మకండి పెద్దాయనా!" మరిది కింద నుంచి అరిచాడు. "మా వదినకి బల్బు మార్చడం కూడా రాదు!"

"నోరు ముయ్యరా!" అంది వదిన. "నాలుగేళ్ళ నుంచి వాగింది చాలు. అన్నా, నువ్వూ చేతిపని చేసేవాడివేగా. వాడిది కుడి వాటమే, ఎడమ అన్నది అబద్ధం. మా ఇద్దరి చేతా చేయించు. ఎవరి చెయ్యో నీకు తెలియకపోతే అప్పుడడుగు."

గేట్లాయనకి ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. అతుకు చూసి ఏ వెల్డరు పెట్టిందో చెప్పగల మనిషి ఆయన. లోపలి గదిలోంచి కడ్డీ, సీసం తీగ, పనికిరాని పాత బోర్డు ఒకటి తెప్పించాడు. ముందు మరిది కుడిచేతికి ఇచ్చారు. పాపం, నాలుక కరుచుకుని శ్రద్ధగానే పెట్టాడు. శనగగింజంత ముద్ద మూడు కాళ్ళని కలిపి పడుకుంది. కుంటుతున్న వెల్డరుకి కూడా నవ్వాగలేదు.

తర్వాత వదిన. కడ్డీ కొనని తడి స్పాంజికి తుడిచి, ఊపిరి బిగబట్టి, ఒకటీ రెండూ మూడూ అని పదిహేను కాళ్ళు వరసగా అతికేసింది. ప్రతి చుక్కా ఒకే కొలత, ఒకే మెరుపు. గేట్లాయన మాడిపోయిన బోర్డుని తిరగేసి పక్కన పెట్టాడు. రెంటినీ చాలాసేపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంత బాగా చేసే చెయ్యి..." అన్నాడు. "ఇంత బాగా చేసి మరి వాణ్ణెందుకమ్మా గుడ్డివాణ్ణి చేశావు?"

"ఎనిమిది చూశా. అన్నీ బాగున్నాయి. తొమ్మిదోది చూళ్ళేదు."

"ఎందుకు చూళ్ళేదు?"

"ఎనిమిదీ బాగున్నాయని."

ఇంకో సంజాయిషీ ఏదన్నా చెప్పి ఉంటే ఆయన ఏం చేసేవాడో ఏమో. అదే నిజం, ఆవిడ అదే చెప్పింది. ఆయన మొహం ఇనుములా బిగుసుకుంది. ఆవిడ మణికట్టు పట్టి చేతిని బల్ల మీద అణిచాడు. ఎడమ చేత్తో ఆవిడ బల్ల అంచు పట్టుకుంది, కళ్ళు మూసుకోలేదు.

సుత్తి లేచింది. మరిదిని పట్టుకున్న వెల్డరు కూడా నోరు తెరుచుకుని అటే చూస్తున్నాడు, పట్టు సడలింది. మరిది చేపలా జారి, విరిగిన తన ఎడమ చేతిని తెచ్చి వదిన చేతి మీద బోర్లా వేశాడు.

సుత్తి దాని మీద పడింది.

ఈసారి మరిది అరవలేదు. శబ్దం మాత్రం వచ్చింది, ఎండుకట్టె కాలి కింద విరిగినట్టు. ఆ చేతి కింద వదిన చేతికి దెబ్బ బరువు తెలిసింది, వెచ్చటి నెత్తురు వేళ్ళ మధ్యకి పాకింది, ఎముక మాత్రం నిలిచింది.

ఆ తర్వాత ఏం చేసిందో ఆవిడకే తెలియదు. ఎడమ చెయ్యి దానంతటదే కడ్డీ అందుకుంది. కొనని గేట్లాయన ముంజేతిలో గుచ్చి పట్టింది. చర్మం చుయ్యిమంది, కమురు వాసన గుప్పుమంది. ఆయన గావుకేక పెట్టాడు. సుత్తి జారి నేలమీద పడింది. కుంటి వెల్డరు వచ్చి ఆవిడ చెంప మీద గూబ అదిరేలా కొట్టాడు, ఆవిడ గోడకి తగిలి కూలబడింది, మళ్ళీ లేచింది. కడ్డీ వదల్లేదు.

"రండి!" అంది. "ఇంకా ఎవరికి కావాలి? రండ్రా!"

రెండోవాడు సుత్తి తీసుకోబోయాడు.

"వద్దు. వదిలెయ్," అన్నాడు గేట్లాయన. కాలిన చేతిని పొట్టకి అదుముకుని బల్ల మీదకి చూస్తున్నాడు. అక్కడ మరిది చెయ్యి చెయ్యిలా లేదు. తను పగలగొట్టింది ఏ తప్పూ చెయ్యని మనిషి చేతిని. ఆయనే షట్టరు ఎత్తాడు. ఎండ లోపలికి పడింది. ముగ్గురూ వెళ్ళిపోయారు.

ఆస్పత్రిలో మరిదిని లోపలికి తీసుకెళ్ళాక నర్సు ఏం జరిగిందని అడిగింది. చేతి మీద మెషీను పడిందని చెప్పమని మరిది దారంతా బతిమాలుతూనే వచ్చాడు. వదిన వినలేదు. సుత్తితో కొట్టారనీ, ఎందుకు కొట్టారనీ, తప్పు తనదేననీ మొదటి నుంచి చివరిదాకా రాయించింది. కడ్డీతో కాల్చిన సంగతి కూడా దాచలేదు. తర్వాత మెట్లెక్కి కంటి వార్డుకి వెళ్ళింది.

గేట్లాయన తమ్ముడు అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాడు, సగం మొహం కట్టులో. ఆవిడ ఎదురుగా నిలబడి, "ఆ బోర్డు చేసింది మా మరిది కాదు బాబూ, నేను. చూడకుండా ఇచ్చాను," అంది. అతను ఒంటి కన్నుతో చూశాడు. తర్వాత పక్కనున్న స్టీలు గ్లాసు తీసి విసిరాడు. తప్పుకునే టైముంది. తప్పుకోలేదు. నుదుటి మీద తగిలి కనుబొమ పగిలింది.

"పో! కనబడకు పో!" అని అరిచాడు.

కొంగు నుదుటికి అదుముకుని కిందికి వచ్చేసరికి మరిదికి కట్టు కట్టేశారు, మోచేతి దాకా తెల్లగా. డాక్టరు వెళ్తూ వెళ్తూ చెప్పాడు: మూడు వేళ్ళు ఇంక వంగవు.

మరిది మత్తులో ఉన్నాడు. వాచిన మొహంలోంచి ఒక కన్ను తెరిచి, "పోనీలే వదినా," అన్నాడు. "ఇన్నాళ్ళూ వంగి మాత్రం అవి పీకిందేముంది?"

వదిన చెయ్యెత్తి వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే. వాడు కెవ్వుమన్నాడు, నర్సు పరిగెత్తుకొచ్చింది. అప్పటికే వదిన వాడి తల రొమ్ముకి అదుముకుని, ఒంట్లో ఎముక లేనట్టు ఊగిపోతూ ఏడుస్తోంది.

"ఇదేంటమ్మా, పేషెంటుని కొడతారా?" అంది నర్సు.

"కొట్టనివ్వండి సిస్టర్," అన్నాడు వాడు రొమ్ములోంచే. "ఇవాళ అందరూ కొట్టారు, ఈవిడ ఒక్కతే మిగిలింది."