మానిన ఎముక

"మానింది" అన్న మాట వింటే నాకు ఒళ్ళుమంట.

నా ఏడో ఏట తొడ ఎముక పైనుండే గుండుకు రక్తం అందక మెత్తబడిపోయింది. పిల్లలకొచ్చే జబ్బట. నడుం దగ్గర్నుంచి కట్టు వేసి మంచంలో పడేశారు. కట్టు విప్పాక అప్పటి డాక్టరు ఎక్స్‌రే ఫొటో చూసి "ఎముక మానింది" అన్నాడు. అబద్ధమేం కాదు. మెత్తబడిన ఎముక గట్టిపడింది. ఏ ఆకారంలో గట్టిపడిందో ఆయన చెప్పలేదో, అమ్మ వినలేదో! బంతిలా ఉండాల్సిన గుండు, ఎవరో కూర్చుని లేచిన పిండిముద్దలా తయారైంది. అమ్మ మాత్రం ఆ ఒక్క మాటను కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఇక ఆ తర్వాత నేను నొప్పి అంటే దొంగనే. "మానిన కాలికి నొప్పేమిటే? బడి ఎగ్గొట్టే వేషాలు కాకపోతే!" ఒక పక్కకు ఒరుగుతూ నడుస్తానని వీధిలో పిల్లలు నన్ను బాతు అనేవారు. అమ్మకు తల కొట్టేసినట్టుండేది. వసారాలో గచ్చు పలకల అంచు వెంట నన్ను నడిపించేది. "బాతులా కాదు, మనిషిలా నడువు." పళ్ళు బిగించి, నడుం బిగబట్టి, ఒరగకుండా నడవడం నేర్చుకున్నాను. నొప్పి మానలేదు గానీ, చెప్పడం మానేశాను.

పెద్దయ్యాక బట్టలు కుట్టే షాపులో కటింగ్ పనికి కుదిరాను. అక్కడ అందరికీ మాస్టరమ్మని. పొద్దుట్నుంచీ బల్ల దగ్గర నిలబడే ఉండాలి. కూర్చుని కత్తెర వేస్తే గీత తప్పుతుంది. ఎంత వంకర ఒళ్ళయినా సరే, నేను కత్తిరించిన చొక్కా ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది. గర్వంగా చెప్పుకోవడానికి నాకు ఈ లోకంలో ఉన్నది ఈ పని ఒక్కటే.

కొన్నేళ్ళ కిందట షాపు మెట్ల మీద జారిపడ్డాను. ఎక్స్‌రే తీసిన డాక్టరు దెబ్బ సంగతి వదిలేసి తుంటి చూసి ఉలిక్కిపడ్డాడు. "వెంటనే పెద్దాసుపత్రిలో చూపించండి. సొంత కీలును కాపాడుకోవచ్చు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, తోడొచ్చిన అమ్మ లేచింది. "అది చిన్నప్పుడే మానిపోయిందండీ. మానిన పుండును గెలకడం దేనికి?" అని రెక్క పట్టుకుని బయటికి తెచ్చింది. గాడిదంత దాన్ని, ఆమె వెనకే నడిచి ఇంటికొచ్చాను. అదీ ఒరగకుండా!

ఈ మధ్య వంగి చెప్పు వేసుకోవడం కూడా యుద్ధమైపోయింది. అమ్మతో చెప్పకుండా పెద్దాసుపత్రికి పోయాను. అక్కడి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. గుండును చెక్కి గుండ్రంగా చేస్తారట. దానిమీద గిన్నెలా బోర్లించి ఉండే ఎముకను కోసి, సరిగ్గా తిప్పి బిగిస్తారట. నా కీలు నాకే ఉంటుంది. చంక పట్టేసిన చొక్కా చేతిని విప్పి మళ్ళీ ఎక్కించడమే కదా, నాకు ఇట్టే అర్థమైంది. "గుండు మీది మెత్తటి పొర మిగిలి ఉంటేనే సుమా" అంది డాక్టరమ్మ. దానికోసం స్కానింగ్ తీశారు.

"మాస్టరమ్మా, మీ ఎముకకే ఆల్టరేషనా?" అని షాపులో ఆడపిల్లలు ఆటపట్టించారు. నేనూ నవ్వాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా ఆశపడ్డాను.

ఇవాళ ఫలితం చెప్పారు. ఆపరేషను సంగతి తెలిసి అమ్మ కూడా వస్తానని వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. లోపల డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది. "పొర అరిగిపోయింది. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. ఇప్పుడు సరిచేసినా నిలవదు."

"కొంచెం కూడా లేదా అండీ?"

"సరిపడా లేదమ్మా. కొన్నేళ్ళ ముందే వచ్చి ఉంటే..." నా మొహం చూసి ఆగిపోయింది.

విప్పి కుట్టాలంటే ముందు గుడ్డంటూ ఉండాలి. చివికిన బట్ట నా బల్ల మీదకొస్తే నేను చెప్పేదీ ఇదే. ఇంత మర్యాదగా చెప్పను, అంతే.

"ఇక మిగిలింది కీలు మార్చడమే. మీ వయసుకు అది మళ్ళీ మళ్ళీ మార్చాల్సి రావచ్చు. వీలైనన్నాళ్ళు ఇలాగే నెట్టుకొద్దాం. నిలబడి చేసే పని మాత్రం మానేయండి" అంది.

బయటికి రాగానే అమ్మ ఎదురొచ్చింది. "ఏమందే? మానుతుందా?"

"మానేయమందమ్మా."

"ఏం మానేయమంది?"

"షాపు."

"మరి ఆపరేషను?"

"చెయ్యరు. లోపల ఏం మిగల్లేదు. మెట్ల మీద పడ్డప్పుడే వచ్చుంటే మిగిలేదట."

అమ్మ మొహం పాలిపోయింది. "మానిందన్నారు కదే... నా చెవులతో విన్నాను కదే" అంది.

తిట్టు నోటిదాకా వచ్చింది. ఖర్మ, తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. ముందు పొడవాటి వరండా, అటూ ఇటూ జనం. అలవాటు కొద్దీ పళ్ళు బిగించాను. ఎవరి కోసం బిగించాలి ఇంక? నడుం వదిలేశాను. కాలు ఎలా పడితే అలా పడనిచ్చాను. అడుగడుక్కీ ఒక పక్కకు కూలిపోతూ, గోడ పట్టుకుని లేస్తూ నడిచాను.

వెనక అమ్మ చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

"ఇంతగానా?" అంది. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. "ఎప్పట్నుంచే?"

నేను వెనక్కి తిరగలేదు. తిరగాలంటే ఆ కాలి మీద బరువు వేయాలి.

"మానిన దగ్గర్నుంచీనమ్మా."