కొలెస్ట్రాల్ గ్రాహకం, ఆఖరి సీసా

బల్గేరియాలో, ప్లొవ్‌దివ్ నగరంలోని మా పరిశోధనశాలలో ఇరవై రెండేళ్లుగా ద్రావణాలు కలిపేది నేనే. నా చెయ్యి పడితే తప్పు జరగదని నాకు కాస్త పొగరు. అందుకే మా పరిశోధక విద్యార్థిని జోర్నిత్సా ప్రయోగం మూడు వారాలుగా బెడిసికొడుతుంటే తప్పంతా ఆ పిల్లదే అనుకున్నాను.

ఆ అమ్మాయి డాక్టరేట్ అంతా ఒకే ప్రోటీన్ మీద నడుస్తోంది. చెడు కొలెస్ట్రాల్‌ను పట్టుకునే మనిషి గ్రాహకం అది. కణాల్లో తయారుచేసి, పొడిగా మార్చి, చిన్న సీసాల్లో అమ్ముతారు. చలికాలంలో అది కొలెస్ట్రాల్‌ను చక్కగా పట్టుకుంది, అందుకు గుర్తుగా పరీక్ష ప్లేట్‌లో పసుపు రంగు వచ్చింది. ఫిబ్రవరి మధ్య నుంచి రంగు లేదు. పాత ఫలితాలు కల్పించిందేమోనని ప్రొఫెసర్ దమ్యానోవ్ గారి అనుమానం. మిగిలింది ఒక్క సీసా. ఈసారీ రంగు రాకపోతే డాక్టరేట్ ఆపేస్తానని చెప్పేశారు.

ఆ ఉదయం ఆయన ఎదురుగానే కూర్చున్నారు. జోర్నిత్సా సీసాను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పొడిని అడుక్కి చేర్చింది. మార్చి రాగానే మావాళ్లంతా శుభమని మణికట్టున కట్టుకునే ఎరుపు తెలుపు దారం గ్లవ్ అంచున వణుకుతోంది.

"కాఫీ తాగొచ్చావా, దెయ్యాన్ని చూసొచ్చావా?" అన్నాను.

"రెండూనూ, స్తాంకక్కా."

"కబుర్లు తర్వాత. ఏం చేస్తున్నావో పైకి చెప్పమ్మా," అన్నారు ప్రొఫెసర్.

సీసాతో వచ్చిన కాగితం చూసి చదివింది. "గ్రాహకం ఆకారం కాల్షియం వల్లే నిలుస్తుంది. పొడిని కరిగించే బఫర్ ద్రావణంలో కాల్షియం తప్పనిసరి. వేశాం సార్."

వేసిన మాట నిజమే, నేనే వేశాను. కానీ ప్రోటీన్ పాడవకుండా ప్రతి ద్రావణంలోనూ ఈడీటీఏ అనే రసాయనం కలపడం నా పాత అలవాటు. అది ఉన్న కాల్షియాన్నంతా లాగేసుకుంటుంది. కొన్న బఫర్ గత నెలలో అయిపోయాక ఈ బాటిల్ నింపింది నేను.

పిపెట్ మొన బఫర్‌లో మునిగింది. నోరు మూసుకుంటే ఇరవై రెండేళ్ల పేరు నిలుస్తుంది. ఒక్క క్షణం నిజంగానే మూసుకున్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఆగవే," అన్నాను. "అందులో ఈడీటీఏ ఉంది. కలిపింది నేనే."

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈడీటీఏ లేకుండా బఫర్ మళ్లీ కలిపి, పొడిని అందులో కరిగించాం. సాయంత్రానికి ప్లేట్ గుంటల్లో పసుపు రంగు తేలింది. ఆయన జోర్నిత్సాకు క్షమాపణ చెప్పి వెళ్లిపోయారు.

నాకు మాత్రం కోపం ఆగలేదు. "మూడు వారాలు ఏడ్చావు. ఒక్కసారైనా ఆ బఫర్‌ని అనుమానించలేదేమే?"

"బాటిల్ మీద మీ చేతిరాత ఉంది కదక్కా," అంది. "అందుకని నన్నే అనుమానించుకున్నాను."