మెడలో బిరడా

ఇంజను గొంతు సవరించుకుంది. నాలుగు దగ్గులు దగ్గింది. ఆ తర్వాత పక్కనున్న చిన్న కన్నంలోంచి సన్నటి ధార చిమ్మింది. దాని ముందు గొంతుక్కూచున్న పెద్దాయన ఆ ధారలో వేలు పెట్టి నాలిక్కి రాసుకుని మొహం చిట్లించాడు. ఇంకా ఉప్పగానే ఉంది. "తాగవే తల్లీ, ఇంకాస్త తాగు" అని కుళాయి మరికాస్త తిప్పాడు. సముద్రంలో తిరిగొచ్చిన ఇంజనుకు కడుపు నిండా మంచినీళ్లు పట్టించకుండా ఆయన టీ ముట్టడు. పెళ్లయిన కొత్తలో భార్య ఇందుకు అలిగేది కూడా. తర్వాత్తర్వాత ఆవిడే, "ముందు ఆవిడగారికి పట్టించి రండి, మీకు తర్వాత పోస్తాను" అనడం నేర్చుకుంది.

రేవు వాలుకు ఆనుకుని రేకుల షెడ్డు. సెలవు రోజుల్లో సరదాగా గాలం వేసుకుందామని వచ్చేవాళ్లకి అక్కడ చిన్న పడవలు అద్దెకిస్తారు. ఆ పడవల మంచీ చెడ్డా చూసేది ఈయనే. పొట్టి మనిషి, గట్టి మనిషి. అరచేతులు గరుకుకాగితంలా ఉండేవి. చెవుల వెనక ఎంత తోమినా పోని ఉప్పు చార ఒకటి. మెడలో నల్లతాడు, ఆ తాడుకి ఇత్తడి బిరడా. అందుకే రేవులో అందరికీ ఆయన బిరడా మామ. అసలు పేరేమిటంటే షెడ్డు యజమాని కూడా ఆకాశంకేసి చూడాల్సిందే.

ఆ బిరడా కథ చెప్పకపోతే ఈ మనిషిని చెప్పినట్టు కాదు. చిన్న పడవకి వెనక పలకలో, బాగా అడుగున, బొటనవేలు దూరేంత కన్నం ఉంటుంది. పడవను ఒడ్డుకు లాగాక బిరడా తీసేస్తే లోపల చేరిన నీళ్లన్నీ కారిపోతాయి. వాన పడినా నిలవదు. మళ్లీ నీళ్లలోకి దింపే ముందు బిరడా బిగించాలి, అంతే. ఇంతకన్నా తేలికైన పని లోకంలో లేదు, ఇంత తేలిగ్గా మరిచిపోయే పనీ లేదు.

ఆయన మరిచిపోయాడు. అదీ ఎప్పుడు? పిల్లనిచ్చే పెద్దమనిషి, కుర్రాడెలాంటివాడో చూద్దామని కూతుర్నీ చిన్న కొడుకునీ వెంటేసుకుని రేవుకొచ్చిన రోజున. షెడ్డులో నీలం పడవుంది, కొత్తది. అందులో ముగ్గుర్నీ కూచోబెట్టి, మీసం దువ్వుకుని, పడవ నడపడంలో తన చాకచక్యం గురించి చెప్పుకుంటూ దింపాడు. చెబుతూనే ఉన్నాడు, కాళ్లు తడిశాయి. చెబుతూనే ఉన్నాడు, మోకాళ్లు తడిశాయి. పెద్దమనిషి తన కాలి బూటు ఊడదీసి కొడుక్కిస్తే, ఆ పిల్లాడు దాంతో నీళ్లు తోడడం మొదలుపెట్టాడు. లోతు లేదు కాబట్టి సరిపోయింది. నడుముల్లోతు నీళ్లలో కళ్లజోడు చెక్కుచెదరకుండా నిలబడ్డ ఆ పెద్దమనిషిని చూసి కూతురు నవ్విన నవ్వు రేవంతా వినిపించిందట. "మునుగుతూ కూడా మా అమ్మాయి నవ్వుతోందంటే నీ దగ్గర ఏడవదులే" అని ఆయన అక్కడికక్కడే సంబంధం ఖాయం చేసేశాడు. ఆ రాత్రే కుర్రాడు నీలం పడవ బిరడాకి తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. మిగతా పడవల బిరడాలు వాటి వాటి దగ్గరే ఉంటాయి. ఇది మాత్రం ఆ పడవ నీళ్లలోకి దిగితే తప్ప, స్నానానికీ నిద్రకీ కూడా మెడ దిగలేదు.

ఇవాళ రేవులో ఆయనకి ఆఖరి రోజు. సాయంత్రం బస్సుకి భార్యాభర్తలిద్దరూ కూతురి దగ్గరికి పోతున్నారు. సముద్రమన్నదే లేని ఊరు. కూతురికి కవలలు పుట్టారు, కుట్టుపని దుకాణం ఒకటుంది. "ఒకణ్ణి ఎత్తుకుంటే ఇంకొకడు గుక్కపెడుతున్నాడు నాన్నా, నాకున్నవి రెండే చేతులు, మీ నాలుగూ పట్టుకుని వచ్చెయ్యండి" అంది. ఆ మాట విన్నప్పట్నుంచీ ముసలాయన మొహం వెలిగిపోతూనే ఉంది. చంటిపిల్లలకి నీళ్లు పోయడం తనకి కొత్తేం కాదని అందరికీ చెప్పుకున్నాడు. గాలపు దారం చుట్టే రీలును కడగడం లాంటిదేనట: ధాటిగా కొట్టకూడదు, కొడితే ఉప్పు లోపలికి పోయి కూచుంటుంది. పైనుంచి నెమ్మదిగా వదలాలి, మెత్తటి గుడ్డతో అద్దాలి, నీడన ఆరబెట్టాలి. "ఆరబెడతారా పిల్లల్ని?" అని భార్య అడిగితే, అదొక్కటీ మార్చుకుంటానన్నాడు.

అంతా బాగానే ఉంది, ఒక్క బావమరిది తప్ప. షెడ్డు పని ఇకమీదట అతనిది. "నువ్వు సరేనంటే నాకూ సరే" అన్నాడు యజమాని. ఈయన సరేనన్నాడు. అన్నాక గుండెలో రాయి పడింది. బావమరిది చెడ్డవాడు కాదు, బంగారం. కానీ కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం. ఒకసారి పెళ్లాం చెప్పులేసుకుని పనికొచ్చి, సాయంత్రం దాకా కాళ్లెందుకు నొప్పెడుతున్నాయో తెలియక కుంటాడు. నెత్తిమీద తెల్లజుట్టొచ్చినా నోట్లో పాట ఆగదు. అలాంటివాడు ఏదో ఒక రోజు బిరడా మరిచిపోతే? లోతులో, గాలి లేచిన పూట, పడవలో పిల్లాజెల్లా ఉన్నప్పుడు? అందరికీ బూట్లుంటాయా తోడుకోడానికి?

అందుకని ఈ ఒక్క రోజూ నోరు కట్టేసుకున్నాడు. ఏదీ గుర్తుచెయ్యడు. వాడంతట వాడు చూసుకుంటాడో లేదో చూస్తాడు. చూసుకోకపోతే యజమాని దగ్గరికెళ్లి మాట వెనక్కి తీసుకోవాలి. బావమరిది మొహం చూసి ఆ పని చెయ్యడమెలాగో మాత్రం ఆలోచించుకోలేదు.

పొద్దెక్కాక పళ్ల డాక్టరమ్మ, వాళ్లాయన వచ్చారు. గాలం పట్టడం వాళ్లకి అదే మొదలు. బావమరిది వాళ్లకి లైఫ్ జాకెట్లు తొడిగి, పట్టీలు లాగి చూశాడు. పెట్రోలు మూడు వంతులనుకోమన్నాడు: పోవడానికొకటి, రావడానికొకటి, సముద్రం మనసు మార్చుకుంటే ఒకటి. నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు కాదు, పోటు తిరిగేటప్పుడు చేప ఎర తింటుందన్నాడు. అన్నీ బావ మాటలే, అక్షరం పొల్లుపోలేదు. షెడ్డులో పడవలు లాగే బండి చక్రాలకు గ్రీజు రాస్తున్నట్టు నటిస్తున్న ముసలాయన ఛాతీ ఉప్పొంగింది. అంతలో బావమరిది డాక్టరమ్మతో తన కదిలే పన్ను గురించి మాట్లాడుతూనే పడవను వాలు మీదికి తోసేశాడు. వెనక పలకకేసి ఒక్క చూపు చూడలేదు.

ముసలాయన గ్రీజు చేతులతోనే పరిగెత్తుకొచ్చి, నీళ్లలో చెయ్యి పెట్టి తడిమాడు. బిరడా ఉంది. బిగించే ఉంది.

"ఎప్పుడు పెట్టావురా?"

"నేనా? నువ్వు పెట్టావనుకున్నానే బావా" అన్నాడు బావమరిది.

ముసలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు గానీ బావమరిది పళ్లికిలించలేదు. పొద్దున్నే టీ తాగకముందే పెట్టాడట. నిజమో, ఎవరైనా పెడితే తనే పెట్టానంటున్నాడో! వేళాకోళం చేసే నోటికి నిజం చెప్పినా నమ్మకం పుట్టదు కదా. రాయి ఉన్నచోటే ఉంది.

మధ్యాహ్నం భార్య సామానంతా కట్టేసి, అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, ఎవరో పొరుగింటి సంగతి చెప్పినట్టు చెప్పింది: ఆ మునిగిన రోజు తర్వాత తను మళ్లీ పడవెక్కలేదని, ఇవాళ ఎక్కాలనుందని, అదీ నీలం పడవేనని. ముసలాయన విన్నది నిజమేనా అని ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఆయన్ని పట్టేవాళ్లు లేరు. తల దువ్వుకున్నాడు. చొక్కా మార్చాడు. నీలం పడవ బల్ల మీద తువ్వాలు మడతేసి పరిచాడు. పాతబడి అతుకుల మీద అతుకులు పడ్డ పడవది. అయినా ఏటా అడుగున పట్టిన గుల్ల పెంకులు గీకి, గరుకుకాగితం పట్టి, చేత్తో రంగేసేవాడు. మంచి గాలపు కర్ర తీశాడు, కొత్త గాలం కట్టాడు, ఎర చుట్టూ తడిగుడ్డ చుట్టాడు. భార్యని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. బావమరిది వెనకనుంచి తోశాడు. పోటు తిరుగుతోంది. నీళ్లు పాలపిట్ట రంగులో మెరుస్తున్నాయి.

ముసలాయన ఇంజను కూడా వెయ్యలేదు. తెడ్డుతో నాలుగు బారలు నెట్టి, కర్ర పట్టుకోవడమెలాగో చెప్పడం మొదలెట్టాడు. చేప లాగితే లాగనియ్యాలి, కోపమొచ్చి పుట్టింటికి పోయేవాళ్లని పోనిచ్చినట్టు. దారం వదలాలి, అలిసినప్పుడు చుట్టుకోవాలి. చెబుతూనే ఉన్నాడు.

"ఏమండీ" అంది భార్య. "నా చెప్పులు తేలుతున్నాయి."

ముసలాయన కిందికి చూశాడు. చీలమండల దాకా నీళ్లు. అదే నీలం పడవ. అవే నీళ్లు. ఎదురుగా అదే మనిషి. ఆవిడ పెదాలు వణికాయి, చేత్తో మూసుకుంది, లాభం లేకపోయింది. ఆ నవ్వు వయసొచ్చినా గొంతు మార్చుకోలేదు. రేవంతా వినిపించింది.

ఒడ్డున బావమరిది నింపాదిగా నిలబడి ఉన్నాడు. చేతిలో తాడు. తాడు రెండో కొస పడవ ముక్కుకి కట్టే ఉంది. తోశాక విప్పాల్సిన తాడది. వాడు విప్పలేదు.

"బావా" అన్నాడు. "మెడలో ఉన్నదేమిటో ఒకసారి చూసుకో."

చూసుకోనక్కర్లేకపోయింది. చెయ్యి అప్పటికే అక్కడికి పోయింది.

"చూసి కూడా తోశావుట్రా?"

"చూశాను కాబట్టే తాడు విప్పలేదు. ఆ రోజు మా నాన్న బూటుతో నాచేత తోడించావు. చెయ్యి ఇప్పటికీ నొప్పెడుతోంది. ఇవాళ నీ వంతు, కానీ."

తాడు లాగాడు. పడవ బుద్ధిగా ఒడ్డుకొచ్చింది. ముసలాయన నీళ్లలోకి దిగి, పడవంచు పట్టుకుని, భార్య కంటే పెద్దగా నవ్వాడు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. గుండెలో రాయి ఎప్పుడు జారి ఏ అలల్లో పడిపోయిందో చూసుకోలేదు. తనంతటివాడు మరిచిపోయిన పూట, పాటలు పాడుకునే వీడు మరిచిపోలేదు. ఇంకేం కావాలి!

నీళ్లు కారిపోయాక, బిరడా తాడుతో సహా తీసి కన్నంలో బిగించి, మళ్లీ దింపారు. ఈసారి బావమరిది తాడు విప్పేశాడు, ముసలాయన ఇంజను వేశాడు. వెలుతురు తగ్గే లోపల ఆవిడ కర్ర ఒక్కసారి వంగింది. పోనిచ్చింది, చుట్టింది, పోనిచ్చింది, చుట్టింది. చివరికి వచ్చింది జానెడు చేప, వెండి పళ్లెం ముక్కలా తళతళలాడుతూ. పిల్లచేప, వదిలెయ్యాలన్నాడు ఆయన. తడిచేత్తో పట్టుకుని గాలం విప్పి నీళ్లలో పెట్టి వేళ్లు తెరిచింది ఆవిడ. పుట్టింటికి పోయిందన్నాడు ఆయన. అయితే తిరిగొస్తుందిలెండి అంది.

తిరిగొచ్చాక అలవాటు ప్రకారం ఇంజనుకు మంచినీళ్లు పట్టించారు. ధారలో వేలు పెట్టి రుచి చూసింది ఈసారి బావమరిది. మొహం చిట్లించాడు, కుళాయి తిప్పాడు. ముసలాయన పడవ వెనక్కి వెళ్లి బిరడా తీసి, తాడు విదిలించి, బావమరిది మెడలో వెయ్యబోయాడు. వాడు తల పక్కకి తప్పించాడు. మెడలో వేసుకుంటే ఏమవుతుందో ఇవాళ చూశాంగా అన్నాడు. తాడు తీసుకుని నీలం పడవ ఇంజను తాళంచెవికి ముడేశాడు. తాళంచెవి తియ్యాలంటే బిరడా చేతికొచ్చి తీరాలి. చేతికొస్తే పెట్టక ఏం చేస్తారు? ముసలాయన ఆ ముడి లాగి చూశాడు. ఇన్నేళ్లూ తనకెందుకు తట్టలేదో! మెడ తేలిగ్గా ఉంది. చెయ్యి రెండుమూడు సార్లు ఉత్తినే అక్కడికి వెళ్లొచ్చింది.

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. మూటలు బావమరిది మోశాడు. భార్య తడిచెప్పులు టపటపలాడుతుంటే ముందు నడిచింది. ముసలాయన షెడ్డు దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

లోపల, గోడ మేకుకి తాళంచెవి వేలాడుతోంది. దాని కింద, ఒక మనిషి ఛాతీకి ఒరిసి ఒరిసి ఒకవైపు నున్నగా అరిగిన ఇత్తడి బిరడా, కొసన ఒక్క ఉప్పునీటి చుక్కతో, ఇంకా ఊగుతూనే ఉంది.