ఓడిన కాలనీ ఎక్కడ?

చిట్టి తల్లిని కాలనీలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆవిడ బస్సక్క. కాలనీకి వచ్చే ఒక్కగానొక్క సిటీ బస్సునూ ఆపేస్తామని రవాణా సంస్థవాళ్ళు అన్నప్పుడు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను వెంటేసుకుని పోయి డిపో గేటు ముందు బైఠాయించిన మనిషి మరి! ఎండకు మాడింది, వానకు తడిసింది, గొంతు పోయేదాకా అరిచింది, చివరికి బస్సును నిలబెట్టింది. అంతకుముందు ఆవిడ మాటకు సొంత ఇంట్లోనే దిక్కు లేదు. మొగుడు బతికున్నన్నాళ్ళూ "నీకేం తెలుసు, ఊరుకో" అనేవాడు. బస్సు నిలబడ్డాక కూరగాయల కొట్టువాడు కూడా ఆవిడతో తూకం దగ్గర పేచీ పెట్టుకోవడం మానేశాడు. అందుకే ఆ గెలుపంటే ఆవిడకు ప్రాణం. నా జన్మకు నాదంటూ ఉన్నది అదొక్కటే అని నలుగురిలోనూ చెప్పుకుంటుంది, సిగ్గేమీ పడదు.

అలాంటి తల్లికి పుట్టి, రాజనీతిశాస్త్రంలో పరిశోధనకు చేరిన పిల్ల ఇంకే విషయం ఎంచుకుంటుంది చెప్పండి? జనం అడిగితే ప్రభుత్వం ఎప్పుడు వింటుంది అన్నది చిట్టి ప్రశ్న. నగరంలో పోరాడి బస్సులు దక్కించుకున్న కాలనీలను కాళ్ళరిగేలా తిరిగి పట్టుకుంది. అన్నిచోట్లా ఒక సంఘం ఉంది, ముందు నడిచే గట్టి మనిషి ఉంది, డిపో ముందు బైఠాయింపు ఉంది. ఇంకేం కావాలి? అందరూ కలిసి కూర్చుంటే ప్రభుత్వం దిగొస్తుందని తేలిపోయినట్టే. పరిశోధన ఇంకా మొదలే కాలేదు, జవాబు మాత్రం చేతిలోకి వచ్చేసింది! ప్రణాళిక రాసుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని మేడమ్ గదికి వెళ్ళింది.

మేడమ్ అంటే ఆమె గైడు. కాగితాలన్నీ చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మేడమ్ కళ్ళద్దాలు తీసిందంటే అవతలివాళ్ళకు మూడిందని ఆ శాఖలో అందరికీ తెలుసు.

"ఓడిన కాలనీ ఎక్కడ?" అంది.

"అంటే... మేడమ్?"

"ఊళ్ళో బస్సు పోయిన కాలనీలు లేవా?"

"ఉన్నాయి మేడమ్. కానీ నా ప్రశ్న గెలుపు గురించి కదా..."

"గెలిచినవాళ్ళని మాత్రమే చూస్తే గెలుపు సంగతి ఎలా తెలుస్తుందమ్మా? పరీక్ష పాసైన పిల్లలందరికీ రెండేసి చెవులున్నాయి. చెవులుంటే పాసవుతారని రాసేస్తావా? ఫెయిలైనవాళ్ళ చెవులు కూడా చూడొద్దూ?"

పప్పులో కాలేశానని చిట్టికి తెలిసిపోయింది. ఈ శాస్త్రం చదివేవాళ్ళు ఈ తప్పు గురించి పాఠం వింటారు, పరీక్షలో రాస్తారు, మార్కులు కూడా తెచ్చుకుంటారు. తమ ప్రణాళిక దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే తప్పు చేస్తారు.

"ఇలాగే కమిటీ ముందుకు వెళ్తే నిన్ను ఉతికి ఆరేస్తారు," అంది మేడమ్. "మీ కాలనీలాంటిదే ఇంకోటి వెతుకు. జనం, సంఘం, బైఠాయింపు, అన్నీ ఒకేలా ఉండాలి. బస్సు మాత్రం పోయుండాలి. అప్పుడు ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం."

ఇంటికొచ్చి చెబితే తల్లి పకపకా నవ్వింది.

"ఇంతోటిదానికి వెతకడం ఎందుకే? టైలరమ్మ వాళ్ళ కాలనీ లేదూ! వాళ్ళూ మాతోపాటే కూర్చున్నారు. మధ్యలో లేచిపోయారు. వాళ్ళు లేచారు, బస్సు పోయింది. మేం లేవలేదు, మా బస్సు ఉంది. రాసుకో, ఇదే నీ పరిశోధన!"

ఈ మాట ఆవిడ మహిళా సంఘం సమావేశాల్లో మైకు పట్టుకుని ఎన్నిసార్లు చెప్పిందో ఆ సంఘానికే ఎరుక.

చిట్టి వెళ్ళింది. బస్సు దిగి, చాలాదూరం నడవాల్సి వచ్చింది. టైలరమ్మ ముందుగదిలోనే కుట్టుమిషను పెట్టుకుంది. మెడలో టేపు, చుట్టూ బడిపిల్లల యూనిఫారాల కుప్పలు. వచ్చిన పని చెప్పగానే మిషను ఆపింది.

"అడిగేదేముందమ్మా, నావల్లే పోయింది," అంది ఏ తడబాటూ లేకుండా. "చంటిదానికి ఒళ్ళు కాలిపోతోందని కబురొస్తే ఇంటికొచ్చేశా. నేను లేచానని మిగతావాళ్ళూ లేచారు. తర్వాత బస్సు రావడం మానేసింది. మా అత్తయ్య బజారునుంచి నడిచొచ్చిన ప్రతిసారీ గుమ్మంలో సంచీ పడేసి నావంక ఓ చూపు చూస్తుంది. మాటంటే పడొచ్చు గానీ, ఆ చూపు పడలేనమ్మా."

"మా అమ్మ..." అని ఆగిపోయింది చిట్టి.

"మీ అమ్మగారు మైకులో చెప్పింది నేనూ విన్నా. నిజమేగా! ఆవిడ లేవలేదు, నేను లేచాను."

చిట్టికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీ తాగమంటే కూడా తాగలేక లేచి వచ్చేసింది.

మేడమ్ మాత్రం అంత తేలిగ్గా వదిలితేనా! లేవడమే కారణమైతే, అసలు కూర్చోనే కూర్చోని కాలనీల సంగతేమిటంది. చిట్టి మళ్ళీ కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగింది. తీరా చూస్తే, ఒక్క మనిషీ గడప దాటి రాని కాలనీకి కూడా బస్సు దర్జాగా వస్తోంది! తల ప్రాణం తోకకొచ్చింది చిట్టికి.

"ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళ చుట్టూనే తిరిగావు. ఇచ్చినవాళ్ళని అడుగు," అంది మేడమ్.

ఇచ్చినవాళ్ళంటే అప్పటి డిపో మేనేజరు. రిటైరయ్యాడు. బాల్కనీలో పూలకుండీలకు నీళ్ళు పోస్తూ, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు చెప్పుకొచ్చాడు.

"కొత్త బస్సులు బాగా పొడుగమ్మా. చివర్లో వెనక్కి తిప్పుకోవడానికి జాగా ఉండాలి. మొదట అన్నీ ఆపేద్దామనే అనుకున్నాం. ఆనక ఇంజినీరు వెళ్ళి రోడ్లు కొలిచాడు. మీ కాలనీ చివర పెద్ద ఖాళీ జాగా ఉంది, సరిపోయింది. ఆ టైలరమ్మ వాళ్ళది సందు. అందులో ఆ బస్సు దూరితే మళ్ళీ బయటికి రాదు. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో మీవాళ్ళు వచ్చి కూర్చోకముందే అయిపోయింది."

"మరి మీ పోరాటం చూసి బస్సు ఉంచుతున్నామని మీరే వచ్చి మా అమ్మవాళ్ళకి చెప్పారట కదండీ!"

"అంతమంది ఆడవాళ్ళు ఎండలో కూర్చుంటే ఉత్తచేతులతో ఎలా పంపిస్తాం? ఎలాగూ ఉంచే బస్సే. ఆ ముక్కేదో అంటే వాళ్ళకీ తృప్తి, మాకూ మంచిపేరు," అని నవ్వాడు.

చెడ్డవాడేం కాదు. అందుకే చిట్టికి ఇంకా ఒళ్ళు మండింది. ఆయన మాట పట్టుకుని బస్సు ఉన్న కాలనీలూ లేని కాలనీలూ మళ్ళీ తిరిగి చూసింది. జాగా ఉన్నచోట బస్సుంది, లేనిచోట లేదు. ఒక్కటంటే ఒక్కటి తేడా రాలేదు. ప్రభుత్వం ఎప్పుడు వింటుందన్న ప్రశ్న పక్కకు పోయి, విన్నట్టు ఎప్పుడు నటిస్తుందన్న ప్రశ్న వచ్చింది. మేడమ్ కళ్ళద్దాలు తియ్యకుండానే, "ఇదీ ప్రశ్నంటే!" అంది. చిట్టి మూడేళ్ళలో ఆవిడ నోట విన్న మొదటి మెచ్చుకోలు అది.

సంతోషించాల్సిన పిల్ల ఇంటికి మొహం వేలాడేసుకుని వచ్చింది. తప్పించుకునే దారి లేకపోలేదు. సొంత తల్లి ఉన్న కాలనీ కాబట్టి తీసేశానని ప్రణాళికలో ఒక్క వాక్యం రాస్తే చాలు. మంచి పద్ధతే పాటించిందని కమిటీవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. అమ్మకు ఎప్పటికీ తెలియదు. బస్సక్క బస్సక్కగానే ఉంటుంది. కానీ కాగితం మీద కలం పెట్టినప్పుడల్లా "నావల్లే పోయింది" అన్న ఆ మనిషి గొంతు చెవిలో వినబడుతోంది. మింగలేక కక్కలేక ఆ సాయంత్రమంతా గదిలో పచార్లు చేసి, చివరికి బట్టలు మడతపెడుతున్న తల్లి ముందు కూర్చుని అంతా చెప్పేసింది.

తల్లి చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

"అయితే నేనా ఎండలో కూర్చున్నది దేనికే?"

"అమ్మా..."

"అమ్మా లేదు, బొమ్మా లేదు! నిన్ను ఇంత చదివించింది నా నెత్తిన చెయ్యి పెట్టడానికా? మీ నాన్న ఉంటే ఎంత నవ్వేవాడో! 'నీకేం తెలుసు, ఊరుకో' అని నేను చెప్పలేదూ అంటూ..." కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

చిట్టి గుమ్మం బయటే కూలబడింది. చెప్పకుండా ఉండాల్సిందని వందసార్లు అనుకుంది. తల్లికి అన్యాయం చేశానని ఏడ్చింది కూడా.

పొద్దున్నే తలుపు తెరుచుకుంది. తల్లి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టీ పెట్టింది, గ్లాసు చిట్టి ముందుంచింది.

"ఈ సంగతి ఆ టైలరమ్మకి తెలుసా?"

"తెలీదు. ఎవరు చెప్తారు?"

"ఎవరు చెప్తారేమిటి! చెప్పులేసుకో."

చిట్టి బిత్తరపోయింది. "అమ్మా, ఆవిణ్ణి నేనింకా పూర్తిగా ఇంటర్వ్యూ చెయ్యాలి. ముందే మనం చెప్పేస్తే ఆవిడ జవాబులు ఇంక ఎందుకూ పనికిరావు. మేడమ్ నన్ను చంపేస్తుంది."

"చంపనీ. ఇన్నేళ్ళూ మైకులో ఆ మనిషిని నేను చంపలేదూ?"

చిట్టి చెప్పులేసుకుంది. బస్సు ఎక్కారు, దిగారు, నడిచారు. మోకాళ్ళ నొప్పితో తల్లి మధ్యమధ్య ఆగింది కానీ, వెనక్కి పోదామని మాత్రం అనలేదు.

గుమ్మంలో బస్సక్కను చూసి టైలరమ్మ గబగబా లేచి నిలబడింది. "రండి వదినగారూ" అంది, మొహంలో నెత్తురుచుక్క లేదు. టైలరమ్మ కుర్చీ లాగినా బస్సక్క కూర్చోలేదు.

"కూర్చోను. చెప్పి పోతాను. మా బస్సు నావల్ల నిలవలేదమ్మా. మీ బస్సు నీవల్ల పోలేదు. మనం కూర్చోకముందే వాళ్ళు తేల్చేసుకున్నారు. మీది సందు, బస్సు తిరగదు. మాకు జాగా ఉంది, తిరుగుతుంది. అంతే సంగతి. నేను మైకులో వాగిందంతా తప్పు."

టైలరమ్మకు కాసేపు అర్థం కాలేదు. చిట్టి వంక చూసింది. చిట్టి అవునన్నట్టు తలూపింది.

"అయితే... నేను లేవకపోయినా?"

"లేవకపోయినా పోయేదే. నీ బిడ్డ దగ్గరికి నువ్వు పోవడమే మంచిదైంది."

టైలరమ్మ మిషను పట్టుకుని నిలబడింది. లోపలి గదివైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"అత్తయ్యా! ఓసారి ఇటు రా. పక్కింటి పిన్నిని కూడా పిలువు. ఆ చివరింటివాళ్ళని కూడా రమ్మను." తర్వాత బస్సక్క వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకుంది. "వదినగారూ, ఆ మాట వాళ్ళందరి ముందూ మళ్ళీ చెప్తారా?"

అత్తగారు వచ్చింది. పక్కింటావిడ వచ్చింది. వీధిలోంచి ఇంకెవరెవరో గుమ్మం దగ్గర పోగయ్యారు. బస్సక్క ఒక్కసారి కూతురి వంక చూసి, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా మొదట్నుంచి మొదలుపెట్టింది.

"మా బస్సు నావల్ల నిలవలేదమ్మా..."