ఆముదంలో రవ్వ గీతలు

ధర్మవరం కాలేజీ పిల్లలను పెనుకొండలో సైన్సు ప్రదర్శనకు తీసుకొచ్చాను. ఇక్కణ్ణుంచి ఒక్కరినే పుట్టపర్తిలో జరిగే జిల్లా పోటీకి పంపుతారు. ఆ ఒక్కరూ తనే కావాలని మా పిల్లల్లో ఫిర్దోస్ ఆశ.

ఆమె బల్ల మీద గాజుపళ్లెంలో ఆముదం, పైన చల్లిన బొంబాయి రవ్వ. అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ స్కేలు నుంచి రెండు రాగిరేకులు ఎదురెదురుగా నూనెలోకి దిగి ఉన్నాయి. చేతియంత్రం తిప్పితే ఒక రేకుకు ధనావేశం, రెండోదానికి రుణావేశం చేరుతాయి. వాటి మధ్య విద్యుత్ క్షేత్రం ఎటు ఉంటే రవ్వ అటు వరుస కడుతుంది.

"మీ మగ్గం మీద పడుగు దారాల మాదిరే ఉంటాది, సూడు యల్లక్కా," అని మాతో వచ్చిన అటెండరుకు చెప్పి, ఫిర్దోస్ యంత్రం తిప్పింది. రవ్వ కదల్లేదు. మళ్లీ తిప్పింది. ఊహూఁ.

"పొద్దున కాలేజీలో బాగానే వచ్చెనే సార్!"

హిందూపురం నుంచి వచ్చిన పరీక్షకురాలు ప్రమోద మేడమ్ అప్పటికే పక్క బల్ల దగ్గర ఉన్నారు.

"ఏం కాదులేమ్మా, ఇప్పుడే బొట్టు గూడా పెట్టినా," అంది యల్లక్క. "మా ఇంట్లో పసుపు పెట్టందే కొత్త పడుగు ముట్టం."

అప్పుడు చూశాను. స్కేలు మీద, ఈ రేకు నుంచి ఆ రేకు దాకా, తడి పసుపు పూత. చేరిన ఆవేశమంతా ఆ తడి గుండా జారిపోతోంది. చెప్పబోయాను. ఫిర్దోస్ కూడా చూసింది. వద్దన్నట్టు నాకు తల అడ్డంగా ఊపింది.

"యల్లక్కా, నోరు ఎండిపోతాండాది. రోంత నీళ్లు తెచ్చిస్తావా?"

యల్లక్క అటు వెళ్లగానే నా రుమాలు అడిగి, స్కేలును పొడిగా తుడిచింది. వేలికంటిన పసుపును మాత్రం యంత్రం చెక్కపీటకు బొట్టులా పెట్టింది.

మేడమ్ వచ్చేసరికి రేకుల మధ్య రవ్వ తిన్నగా గీతలు కట్టింది. అంచుల్లో మాత్రం బయటికి ఉబ్బింది.

"ఇవెందుకమ్మా వంగినాయి?"

"గీతలు ఒకదాన్నొకటి పక్కకు నెడతాయి మేడమ్. మధ్యలోవాటికి రెండు పక్కలా తోడుంటాది, తిన్నగా నిలబడతాయి. చివరిదానికి ఒక పక్క ఎవరూ లేరు."

ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పాను. నా భార్య పోయాక గానీ ఆ చివరి గీత మీద జాలి కలగలేదు.

సాయంత్రం పుట్టపర్తికి ఫిర్దోస్ పేరే చదివారు.

"సూస్తిరా సార్, పసుపు పెట్టినంక యాడన్నా తప్పుతాదా!" అంది యల్లక్క.

"నీ చేయి మంచిదక్కా. ఆడికీ నువ్వే రావల్ల," అంది ఫిర్దోస్, యంత్రాన్ని ఆమె చేతికిస్తూ. "బొట్టు మాత్రం ఈ పీటకే పెట్టు. ఈడ బాగా కలిసొచ్చింది."