సీమంతం ఇంట్లో సింఫనీ

మా దేముడు రాసిన సింఫనీని విశాఖపట్నంలో పెద్దపెద్దోళ్ళు విన్నారు, చప్పట్లు కొట్టేరు, పేపర్లో రాసేరు. వాడికది చాల్లేదు. వాళ్ళక్క తలుపులమ్మ వినాలి. మొదట్నించీ చివరిదాకా కూర్చుని వినాలి. ఆ ఒక్క కోరికతో, బుచ్చయ్యపేట దగ్గర మా ఊళ్ళో అక్క కూతురు గౌతమి సీమంతానికి వచ్చేడు.

సింఫనీ అంటే నాకు తెలిసిందీ తక్కువే. పాట ఉండదు, పాడేవాళ్ళుండరు. వయొలిన్లూ బాకాలూ డోళ్ళూ పట్టుకుని ఊరంతమంది కూర్చుని, భాగాలు భాగాలుగా వాయిస్తారు. బేండుమేళంలో క్లారినెట్ ఊదిన మనిషి, అనకాపల్లిలో పిల్లలకి కీబోర్డు నేర్పుకుంటూ ఏళ్ళ తరబడి దాన్ని రాసేడు. పైదేశంలో ఎవరో వాయించి రికార్డు పంపేరు. విశాఖలో ఓ హాల్లో దాన్ని వినిపించిన రోజు స్నేహితుణ్ణి కాబట్టి నేనూ వాడి పక్కనే ఉన్నాను. ఇందులో మనదేముందని ఒకాయన మూతి విరిచేడు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. వెనక వరస కుర్రోళ్ళు నిద్రపట్టడానికి బావుంటాదని నవ్వుకున్నారు. మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట. అందులో డప్పు వస్తుంది. ఆ డప్పులోనే దీని ప్రాణం ఉందని పేపరోళ్ళు కూడా రాసేరు. అంత చల్లటి హాల్లో, మెత్తటి కుర్చీల్లో కూర్చుని వింటుంటే, అదేం డప్పో ఎవరికీ పట్టలేదు.

సీమంతానికి త్రినాధరావు మైకుసెట్టు ఎలాగూ ఉంది. భోజనాల ముందు, ఆడవాళ్ళు గౌతమికి గాజులు తొడుగుతుంటే, దేముడు తన ఫోన్ని వైరుకి తగిలించేడు. వంటింట్లో ఉన్న అక్కని పిలిచి గుమ్మం దగ్గర కుర్చీ వేసేడు. పులిహోర కలిపి వత్తానుండ్రా, ఇక్కడికీ ఇనబడతాదిలే అందావిడ.

మొదటి భాగానికి త్రినాధరావు సౌండు బాక్సుల మీద చెయ్యేసి, బేస్ బాగా కొడతంది మామా అన్నాడు. పాడే మనిషి ఎప్పుడొత్తాడని ముసలయ్య తాత రెండుసార్లు అడిగేడు. రెండో భాగంలో వయొలిన్లు మెల్లగా లేచినప్పుడు తలుపులమ్మ మొగుడు ఎర్రయ్య, చెరుకుతోటలో గాలి తిరిగినట్టుంది బామ్మర్దీ అన్నాడు. దేముడి మొహం చూడాలి అప్పుడు. విశాఖలో అన్ని పొగడ్తలకీ అలా వెలగలేదు.

తర్వాత డప్పు మొదలైంది.

గాజుల చప్పుడు ఆగిపోయింది. ముసలయ్య తాత అలవాటుగా లేచి నిలబడి, భుజమ్మీద తువ్వాలు దించి చేత్తో పట్టుకుని, ఎవులు పోయేర్రా అని వీధివైపు చూసేడు. ఒక ముసలామె గౌతమి రెండు చెవులూ అరచేతుల్తో మూసేసింది. తలుపులమ్మ పసుపు చేతుల్తోనే వంటింట్లోంచి వచ్చి వైరు లాగేసింది.

అది శవం ముందు వాయించే డప్పు. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో, గాజులు తొడిగేచోట, వాయించకూడని డప్పు. అన్నేళ్ళు దాన్ని రాసుకుంటూ బతికినవాడికి అది చావు డప్పన్న సంగతే చెవుల్లోంచి పోయింది. వాడికది వాళ్ళ నాన్న.

దేముడు అక్క వెనకాలే దొడ్లోకి నడిచేడు. నేనూ వెళ్ళేను.

"ఎవరి డప్పో గుర్తొచ్చిందా అప్పా?" అని అక్కనడిగేడు.

"గుర్తు రాకేటి? నాన్న ఎల్లిపోయిన రోజుది. నిన్ను సంకనెత్తుకుని ఆళ్ళెనకాలే పొలిమేర దాకా నడిచేను. ఆడోళ్ళు ఇక్కడితో ఆగండంటే ఎనక్కి తిరిగేను."

"తిరిగొచ్చేటప్పుడు నువ్వు కూనిరాగం తీసేవు. ఆ డప్పు దూరమైపోతా ఉంటే నీ గొంతు దగ్గరైంది. నాలుగో భాగం అదే. నీదే."

తలుపులమ్మ పసుపు చేతులు చీరకి తగలకుండా ఎత్తి పట్టుకునే నిలబడింది.

"నాదైతే అదొక్కటీ పెట్టు. ఇంటాను," అంది.

అదొక్కటీ విడిగా వద్దని వాడి మొహమే చెప్పింది. అయినా వెళ్ళి పెట్టేడు. ఆవిడ గుమ్మం దగ్గర కుర్చీలో బుద్ధిగా కూర్చుంది. నాలుగో భాగం వచ్చింది. దూరమవడానికి డప్పు లేదు, కాబట్టి దగ్గరవడానికి గొంతూ లేదు. వయొలిన్లు ఏదో సన్నగా తీసి ఊరుకున్నాయి. ఆవిడ వెతుక్కుంటున్నట్టు చెవి ఒగ్గి కూర్చోడం నేను చూసేను. దొరకలేదు.

"బావుందిరా తమ్ముడా. పెళ్ళిళ్ళలో ఎయ్యొచ్చు," అంది.

నేను ఊరుకోలేక, పురుడు అయిపోయేక అనకాపల్లి తీసుకెళ్ళి చెవుల్లో పెట్టుకునేవాటితో మొత్తం వినిపిస్తాం అన్నాను. ఇంట్లో పసిబిడ్డని పెట్టుకుని మరీ ఇనకూడదు బాబూ అందావిడ. పోనీ, బిడ్డ పెద్దయ్యేక విందురుగాని అన్నాను. ఆవిడ నాకు కాదు, దేముడికి జవాబు చెప్పింది.

"ఆ డప్పు ఇనాల్సిన రోజంటూ ఒకటి వత్తాది. ఆ రోజు పాట పెట్టుకుని కూకుంటామేట్రా?"

కోపం లేదు ఆ గొంతులో. వాడి తల నిమరబోయి, పసుపు అంటుతుందని చెయ్యి వెనక్కి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

త్రినాధరావు సినిమా పాటలు పెట్టేడు. గాజులు మళ్ళీ మోగేయి. పాడే మనిషి వచ్చేడని ముసలయ్య తాత నిమ్మళంగా కూర్చున్నాడు. భోజనాలకి బంతి వేసేరు. దేముడు నా పక్కన కూర్చుని, ముందున్న స్టీలు పళ్ళెం అంచు మీద వేళ్ళతో ఆ దెబ్బే మెల్లగా కొడుతున్నాడు. కొడుతున్నట్టు వాడికి తెలీదు. వడ్డన చేస్తూ తలుపులమ్మ మా ముందుకి వచ్చింది. ఒక్క క్షణం ఆగి వింది. వంగి, వాడి పళ్ళెంలో పులిహోర పెట్టింది. చప్పుడు ఆగిపోయింది.