సులోచన టీచరు గారి మధ్యరకం ల్యాప్‌టాప్

నేను ఒక మధ్యరకం ల్యాప్‌టాప్‌ని. మనుషుల్లోలాగే మాలోనూ మధ్యతరగతి ఉంది. పైవాడిలా కనిపించాలన్న తాపత్రయం ఒకటి, కిందవాడిలా ఖర్చు తగ్గించుకోవాలన్న జాగ్రత్త ఒకటి. ఈ రెండూ కలిపి నన్ను తయారుచేశారు. నా పైమూత లోహపు రేకు, అడుగంతా ప్లాస్టిక్కు. కొనడానికొచ్చినవాళ్ళు ముందు మూతే నిమిరి చూస్తారని ఫ్యాక్టరీవాళ్ళకు బాగా తెలుసు.

ఏలూరు పవర్‌పేటలో రాజుగారి కంప్యూటర్ షాపుకి చేరాను. అద్దాల బల్ల మీద నాకు ఎడం పక్కన పాతికవేల చిన్నది, కుడి పక్కన లక్ష దాటిన పెద్దది. చిన్నది తేలిగ్గా చంకలో ఇమిడిపోయేది. ఒకసారి ఛార్జింగ్ పెడితే సాయంత్రందాకా దిగులుండదు. కాకపోతే ఏ పని చెప్పినా, లోపలినుంచి "ఆ, వస్తున్నా" అని కేకేసి కాఫీ తాగి మరీ వచ్చే చుట్టం లాంటిది. పెద్దది సన్నగా, చల్లగా, ఎంత పని పెట్టినా కిక్కురుమనకుండా ఉండేది. దాని తెర మీద మామిడిపండు మామిడిపండు రంగులోనే కనిపించేది. కానీ పాత పెన్‌డ్రైవ్ ఒకటి తగిలించుకుందామంటే చోటుండదు. చెడితే ఊళ్ళో విప్పగలిగినవాడూ ఉండడు. ఇక నేను. పిలిస్తే పలుకుతాను, ఏ వైరు తెచ్చినా పెట్టుకునే కన్నముంది, రేపు మెమరీ చాలకపోతే ఇంకాస్త వేయించుకోవచ్చు. బరువు మాత్రం బియ్యం సంచీ. ఛార్జింగ్ మధ్యాహ్నందాకా నిలిస్తే గొప్ప. పని పెరిగిందంటే నా ఫ్యాను గ్రైండర్‌లా మోగుతుంది. అమ్మేవాళ్ళు ఈ చివరి మాటలు సాధారణంగా చెప్పరు. రాజుగారు చెప్పేవారు. అందుకే ఆయన షాపు చిన్నదిగానే ఉండిపోయిందని ఆయన భార్య అభిప్రాయం.

నన్ను మొదట కొన్నవాడు రత్నాకర్. పెళ్ళి వీడియోలు తీసి, కత్తిరించి, పాటలు కలిపి ఇస్తుంటాడు. చూపంతా పెద్దదాని మీద, చెయ్యి జేబు మీద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"దీన్లోనూ ఎడిటింగ్ అవుద్దాండి?" అన్నాడు చివరికి నన్ను చూపించి.

"అవుద్దండి. తొందరపెట్టకుండా ఉంటే అవుద్ది," అన్నారు రాజుగారు.

పెళ్ళిళ్ళవాళ్ళు తొందరపెట్టకుండా ఉంటారా? అయినా ఏదోలా నెట్టుకొచ్చాం. దెందులూరు పెళ్ళి వచ్చేదాకా. ఆ పెళ్ళయిన కొద్దిరోజులకే పెళ్ళికూతురి తండ్రి గుండె ఆగి పోయాడు. ఆ పిల్ల అన్నయ్య రత్నాకర్ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మొత్తం అక్కర్లేదన్నా. పెద్దకర్మకి ఆ కన్యాదానం ముక్క ఇచ్చెయ్. మా అమ్మ చూస్తానంటోంది."

కూర్చున్నాం. నా ఒళ్ళు కాలిపోయింది, ఫ్యాను అరిచింది, సగంలో బిగుసుకుపోయాను. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. అంత నాణ్యమైన కెమెరాతో తీసిన బొమ్మల్ని మోసే శక్తి నాకు లేదు. రత్నాకర్ నన్ను తిట్టలేదు. ఆ ఫైళ్ళు డిస్కులోకి ఎక్కించుకుని పెద్దకర్మనాటి పొద్దున్నే విజయవాడలో స్నేహితుడి దగ్గరికి పరిగెత్తాడు. అక్కడున్నది నా పక్కన కూర్చున్న పెద్దదాని జాతిదే. నేను రెండు రోజులు ఏడ్చిన పనిని అది టీ తాగేలోపు చేసిచ్చిందట.

సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. "ఆవిడ ఏడుస్తుందనుకున్నానే. ఏడవలా. అల్లుడి కాళ్ళు కడుగుతూ ఆయన ఎందుకో నవ్వాడు చూడు, అదే మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది."

భార్య అంతా విని, "అప్పో సప్పో చేసి ఆ పెద్దదే కొనెయ్యి," అంది. అలా నేను తిరిగి రాజుగారి షాపుకి చేరాను, ఈసారి వెనక అరలోకి. నాకేం కోపం రాలేదు. అతని పనికి అదే సరైనది. గొప్ప కోసం పెద్దది కొనేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, అవసరం కోసం కొన్నవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను.

కొన్నాళ్ళకి షాపుకి ఇద్దరొచ్చారు, అక్కా తమ్ముడూ. అక్క చేతిలో మడత కర్ర. పుట్టుకతోనే చూపు లేదు. మున్సిపల్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతుంది. రాజుగారు అలవాటుగా తమ్ముడివైపు తిరిగి, "ఏం పనికండి?" అన్నారు.

"కొనేది మా అక్కండి. ఆవిణ్ణే అడగండి."

రాజుగారు నాలిక కరుచుకున్నారు. "తప్పయిందమ్మా. పేరు?"

"సులోచన. మంచి కళ్ళున్నదని అర్థం. మా అమ్మ తొందరపడింది," అని తనే నవ్వింది.

ఆమె సంచీలోంచి ఒక పాత ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. చూస్తే నా ఎడం పక్కన కూర్చున్న చిన్నరకమే. తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు అందులో ఉంది. "తేలికే, మంచిదే. కానీ నేను మీట నొక్కి, అది నోరు విప్పేలోపు నలభై మంది పిల్లలు నలభై దిక్కుల చూస్తున్నారండి," అంది.

రాజుగారు పెద్దదాన్ని ముందుకు జరిపారు. ఆమె వేళ్ళు దాని మీద ఇటునుంచి అటు నడిచాయి. "మీటలన్నీ చదునుగా నున్నగా ఉన్నాయి. ఒకటెక్కడ ఆగిందో, ఇంకొకటెక్కడ మొదలైందో తెలీడం లేదు. దీని ధర దేనికండీ?"

రాజుగారు నిజాయితీపరుడు గనుక ఒక్క క్షణం ఇబ్బందిపడ్డారు. "ఎక్కువ... తెరకేనమ్మా."

"అయితే ఆ డబ్బు నాకు మిగిలినట్టే."

అప్పుడు వెనక అరలోంచి నన్ను తీశారు. నా మీటలు లోతుగా, ఒక్కొక్కటీ విడిగా ఉంటాయి. పక్కన అంకెల వరస కూడా ఉంది. రాజుగారు ఆ చదివే సాఫ్ట్‌వేరు నాలోకీ ఎక్కించారు. నొక్కిన వెంటనే పలికాను. ఫ్యాను చప్పుడు చేస్తుందనీ, ఛార్జింగ్ నిలవదనీ రాజుగారు ముందే చెప్పారు. "చప్పుడు చేస్తే ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు లెండి," అని నన్ను తీసుకుంది. చిన్నదాన్ని బదులుగా తీసుకున్న రాజుగారు దాన్ని పక్కవీధి జాకెట్లు కుట్టే ఆవిడకిచ్చారు. డిజైన్ల బొమ్మలు చూపించుకోవడానికి ఆవిడకి అది ఎక్కువే.

స్కూల్లో సులోచన టీచరుకి ఆరు, ఏడు తరగతులే ఇచ్చేవారు. ఆ ఏడాది పదో తరగతి అడిగింది. హెడ్మాస్టరు దాశరథిగారు చెడ్డవాడు కాదు, భయస్థుడు.

"పాఠం మీరు బాగానే చెబుతారండి. పేపర్లు ఎవరు దిద్దుతారు? పబ్లిక్ పరీక్షలాయె. ఫలితాలు పడిపోతే నా పీకల మీదికొస్తుంది."

"పిల్లలు వంతులవారీగా జవాబులు టైపు చేస్తారు. ఇది చదువుతుంది. నేను దిద్దుతాను. అర్ధసంవత్సర పరీక్షల దాకా చూడండి. నచ్చకపోతే మళ్ళీ ఆరో తరగతే ఇవ్వండి."

ఆయన ఒప్పుకున్నారు. మొదటిరోజు సూరిబాబు అనే కుర్రాడు, తెల్లదొరలు రెండు వందల ఏళ్ళు పాలించారని రాయబోయి ఒక సున్న మింగేసి, ఒక ఒత్తు తగిలించాడు. నేను ఉన్నదున్నట్టు, గట్టిగా, ఏ భావమూ లేని గొంతుతో చదివాను. "తెల్లదొరలు రెండు వందల ఏళ్ళు పాలిచ్చారు."

తరగతి గోడలు దద్దరిల్లాయి. సులోచన టీచరు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒరేయ్, అంత మంచివాళ్ళని మరి ఎందుకు వెళ్ళగొట్టామురా?" అంది.

ఎర్ర ఇంకు చేయలేని పని ఆ నవ్వు చేసింది. కాయితం మీద తప్పు రాస్తే అది టీచరుకీ పిల్లాడికీ మధ్యే ఉండిపోతుంది. నేను చదివితే ఊరంతా వింటుంది. పిల్లలు రాసింది తమలో తాము ఒకసారి గొణుక్కుని చూసుకోకుండా నా దగ్గరికి రావడం మానేశారు.

అర్ధసంవత్సర పరీక్షల ముందు దాశరథిగారు స్వయంగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను గోడ దగ్గరి ప్లగ్గుకి తగులుకుని ఉన్నాను. నా బలహీనత తెలిసిందే కదా, ఆ వైరు తరగతికి అడ్డంగా ఉంది. ఆయన ప్రశ్న ఇచ్చారు. ఉప్పు మీద పన్ను వేస్తే జనానికి అంత కోపం ఎందుకొచ్చింది? యామిని అనే అమ్మాయి వచ్చి టైపు చేసింది. పూర్తిచేసి, హెడ్మాస్టరు ముందు బెదురుతో గబుక్కున లేచింది. కాలికి వైరు తగిలింది. నేను బల్ల మీంచి నేల మీద పడ్డాను.

తెర మీద ఒక తెల్లటి గీత మెరిసింది. తర్వాత అంతా నలుపు.

యామిని ఏడుపందుకుంది. "మేడమ్, స్క్రీన్ పోయింది మేడమ్!"

దాశరథిగారు లేచారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలే ఉంది. అదే ఎక్కువ కష్టం. "చూశారా సులోచనగారూ. మెషీన్ని నమ్ముకుంటే ఇంతేనండి. ఇక మీరు మటుకు ఏం చేస్తారు."

ఆమె వంగి, తడుముతూ నన్ను తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మూలలు నిమిరింది. "స్క్రీన్ సంగతి నాకెందుకే," అని, వేలితో ఒక మీట నొక్కింది.

నల్లటి తెరలోంచి నా గొంతు వచ్చింది. "బంగారం మీద పన్ను వేస్తే బంగారం కొనని వాడికి బాధ లేదు. ఉప్పు లేకపోతే పేదవాడు గంజి కూడా తాగలేడు. అందుకే ఉప్పు మీద చెయ్యి వేస్తే అందరి కంచం మీద వేసినట్టు."

ఏడుస్తున్న యామిని ఆగిపోయింది. దాశరథిగారు నిలబడ్డచోటే నిలబడి, "ఇంకోసారి చదివించండి," అన్నారు. చదివాను. "అన్నీ వచ్చాయి. ఒక్క ఒత్తు కూడా పోలేదు," అని కళ్ళజోడు తుడుచుకున్నారు. పదో తరగతి గురించి ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు టైంటేబుల్లో ఏ మార్పూ లేకపోవడమే ఆయన జవాబు.

రాజుగారు విని, తక్కువలో కొత్త తెర వేయిస్తానన్నారు. "ఎవరికోసమండీ?" అంది సులోచన టీచరు.

పిల్లలు టైపు చేయడానికి కష్టమవుతుందని దాశరథిగారే ఆఫీసు గదిలో మూలపడున్న పాత మానిటరు తెప్పించి నాకు తగిలించారు. కొద్దిరోజులు దాన్ని చూసే టైపు చేశారు. ఒకరోజు దాని వైరు పెట్టడం ఎవరో మరిచిపోయారు. అప్పటికే నేను పలికే అక్షరాలు వింటూ నొక్కడం అలవాటై, ఎవరూ గమనించలేదు. ఇప్పుడది మళ్ళీ ఆఫీసు గదిలోనే ఉంది. తెర వెలగదు గనుక నా ఛార్జింగ్ కూడా బడి వదిలేదాకా నిలుస్తోంది. పిల్లలు నా ముందు కూర్చుని, ఒక్కో అక్షరం నొక్కి, చెవి దగ్గరగా పెట్టి వింటారు. కొందరైతే కళ్ళు మూసుకుని మరీ వింటారు.